కాయా, పలుకా, తొక్కా?



నిజాంపట్నం అనే పేరు రేడియోలో మీ చెవిన ఎప్పుడు పడుతుంది? బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు. "నిజాంపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ చేశారు." ఈ ఒక్క వాక్యం కోసం రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్న ఇళ్లు మా తీరంలో ఎన్నో. ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరాన, నడిసంద్రంలో గాలి లేస్తోందని. మూడో నంబరు అంటే రేవుకే ఈదురుగాలి తగలొచ్చని. ఎనిమిదికి చేరిందా, ఇక పెనుముప్పే. పదకొండు అంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో మాటే తెగిపోయిందని. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో మా వాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఎన్నో నంబరు?"

చూశారా. గాలి విషయంలో మనం ఎంత ఖచ్చితంగా మాట్లాడతామో! "భారీ గాలి", "అత్యాధునిక గాలి" అంటే బోటు యజమాని ఊరుకోడు. నంబరు చెప్పమంటాడు.

మరి ఇదే రేడియోలో, ఇదే పత్రికలో, ఇదే టీవీలో ఒక నేర వార్త వినండి. "దుండగులు తుపాకులతో కాల్పులు జరిపారు. సంఘటనా స్థలంలో బుల్లెట్లు లభించాయి." ఏ తుపాకి? ఏం లభించింది? గోడలో దిగిన గుండా, కాల్చకుండా జారిపడిన తూటానా, కాల్చేశాక మిగిలిన ఖాళీ గొట్టమా? ఎవరూ చెప్పరు. మనమూ అడగం.

ఈ తప్పులో నాకూ వాటా ఉంది. చాలా ఏళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో కూర్చుని, పల్లెల నుంచి విలేకరులు పంపిన నేర వార్తలు దిద్దినవాణ్ణి. అందుకే ఇవాళ ఈ నాలుగు మాటలు.

ముందు మా ప్రాంతం సంగతి. రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తుపాకి అరుదు. మా తగాదాలు రొయ్యల చెరువు గట్టు మీద, పంట కాలువ మీద, అన్నదమ్ముల వాటా మీద. వాటికి కర్ర చాలు, గడ్డపలుగు చాలు. ఆ కర్రనీ, గడ్డపలుగునీ, కత్తినీ కలిపి మన పత్రికలు "మారణాయుధాలు" అంటాయి. పోలీసు కాగితాల్లోంచి వచ్చి వార్తల్లో స్థిరపడిపోయిన మాట అది. "మారణాయుధాలతో దాడి" అని చదివితే చేతిలో ఏముందో మీకు తెలియదు. రోకలిబండ అయినా కావచ్చు.

తుపాకి అరుదు కాబట్టే తుపాకి మాటలు కూడా అరుదు. మూడేళ్లకోసారి వాడే పనిముట్టు తుప్పు పడుతుంది గదా. మాటా అంతే. రేపల్లె విలేకరికి చేపల ధర రాయమంటే తడుముకోడు. తుపాకి దొరికిందంటే మాత్రం పోలీసులు ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. డెస్కులో నాలాంటివాడు దాన్ని తెలుగు చేస్తాడు. అక్కడ మొదలవుతుంది గందరగోళం.

అసలు మన భాషలో తుపాకి చుట్టూ ఉన్న మాటలన్నీ రెండేసి, మూడేసి అర్థాలవి. మందు అంటే జ్వరానికి వేసుకునేది. మందు అంటే సాయంత్రం తాగేది. మందు అంటే మిరపతోటకి కొట్టేది. మందు అంటే తుపాకిలో పోసేది కూడా. "ఇంట్లో మందు దొరికింది" అని రాస్తే పాఠకుడు ఎవరి అలవాటును బట్టి వాళ్లు అర్థం చేసుకుంటారు. గుండు అంటే తిరుపతి. గుండు అంటే కొండరాయి. గుండు అంటే తుపాకిలోంచి వచ్చేది. ఇక బుల్లెట్ అంటే మా కుర్రాళ్లకి మోటారు సైకిలే. మందూ గుండూ కలిపితే మందుగుండు. అప్పుడైనా తేటపడుతుందా అంటే, దీపావళి ముందు "భారీగా మందుగుండు సామగ్రి పట్టివేత" అని వస్తుంది. అవి చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు!

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు అసలు విషయం. దీన్ని మాత్రం కాస్త నెమ్మదిగా చెబుతాను.

బాపట్ల ఇసుక నేలల వేరుశనగ మీకు తెలిసిందే. కాయ చేతిలోకి తీసుకోండి. పైన తొక్క, లోపల పలుకులు. మొత్తం కలిపితే కాయ. తుపాకిలో పెట్టేది కూడా ఒక కాయే అనుకోండి. దాని పేరు తూటా. ఇంగ్లిష్ మాటలో కాట్రిడ్జి. పైన ఇత్తడి గొట్టం, అదే తొక్క. కొసన బిగించిన సీసపు ముద్ద, అదే పలుకు. దాన్ని గుండు అనండి, బుల్లెట్ అనండి. గొట్టం లోపల, గుండు వెనక మందు. అడుగున చిన్న బిళ్ల. చిన్నప్పుడు రీలు తుపాకి కాల్చారు గదా, టప్పుమని పేలే ఆ ఎర్ర రీలు చుక్క లాంటిదే ఆ బిళ్ల. తుపాకి సూది దాన్ని పొడిస్తే నిప్పు పుడుతుంది, మందు మండుతుంది, పలుకు ఎగిరిపోతుంది. తొక్క మిగులుతుంది.

మళ్లీ చెబుతాను. కాయ అంటే తూటా. పలుకు అంటే గుండు, అంటే బుల్లెట్. తొక్క అంటే ఖాళీ గొట్టం.

మన పత్రికలు ఈ మూడింటినీ బుల్లెట్లే అంటాయి. వేరుశనగ తిని తొక్కలు పారేసిన చోటికి వెళ్లి "ఇక్కడ వేరుశనగ పలుకులు దొరికాయి" అన్నట్టు.

ఈ తేడా మీకు కొత్తదేమీ కాదు. ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నారు. 1857 తిరుగుబాటు పాఠం గుర్తు చేసుకోండి. ఎన్‌ఫీల్డ్ తుపాకులొచ్చాయి, వాటి తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పుట్టింది, వాటిని నోటితో కొరకాలన్నారు, సిపాయిలు తిరగబడ్డారు. చిన్నప్పుడు నాకో అనుమానం. సీసపు గుండుని నోటితో కొరకడమేమిటి, పళ్లు ఊడవా? మా మాస్టారు చెప్పలేదు. చాలా ఏళ్లకి తెలిసింది. ఆ రోజుల్లో తూటా అంటే కాగితపు పొట్లం. లోపల కొలత ప్రకారం మందు, దాంతోపాటు గుండు. పొట్లం కొస పళ్లతో చింపి, మందు గొట్టంలో పోసి, గుండు దిగకొట్టాలి. కొవ్వు పూసింది ఆ కాగితానికి. మన పాఠ్యపుస్తకం తూటా అని సరిగ్గానే రాసింది. అదే పాఠం ఇవాళ్టి మన నేర వార్తల భాషలో రాస్తే "బుల్లెట్లు కొరకమన్నారు" అని ఉండేది.

అల్లూరి సీతారామరాజు కథలోనూ అంతే. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి. తుపాకులు ఎన్ని తీసుకెళ్లాడో ఒక లెక్క. తూటాలు ఎన్నో వేరే లెక్క. తుపాకులు 26 అయితే తూటాలు వేలల్లో. తూటాలు లేని తుపాకి దుడ్డుకర్రతో సమానమని ఇద్దరికీ తెలుసు, మన్యం వీరుడికీ, స్టేషను రికార్డు రాసినవాడికీ.

ఇంతకీ కాయా, పలుకా, తొక్కా అన్న తేడాతో మనకేం పని? ఒక మనిషి జైలుకి పోవడం, పోకపోవడం దాని మీద ఉంటుంది.

1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకికి ఒక నిర్వచనం, మందుగుండుకి ఒక నిర్వచనం విడివిడిగా ఉన్నాయి. లైసెన్సు లేకుండా కాల్చని తూటా దగ్గరుంటే, తుపాకి లేకపోయినా అది నేరమే. 2019లో చట్టాన్ని సవరించి ఆ శిక్షను కనీసం రెండేళ్లకీ, గరిష్ఠంగా ఐదేళ్లకీ పెంచారు. విమానాశ్రయాల్లో అప్పుడప్పుడు చూస్తుంటాం, "ప్రయాణికుడి బ్యాగులో బుల్లెట్" అని. ఎవరిదో పాత సంచి, అడుగున ఎప్పటిదో ఒక తూటా. తెలిసి దగ్గర ఉంచుకున్నాడా, తెలియకా అన్నది కోర్టు చూస్తుంది. కాల్చేసిన ఖాళీ గొట్టంతో ఎవరినీ కాల్చలేం, ఇంట్లో దాన్ని బల్ల మీద అలంకారంగా పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. పత్రికలో మాత్రం ఆ ఇద్దరూ ఒకటే. ఇద్దరి దగ్గరా "బుల్లెట్లు" దొరికాయి! కోర్టు ఏళ్ల తర్వాత ఏం చెప్పినా, ఊళ్లో ఆ మనిషి పేరు ఆ పొద్దున్నే మారిపోతుంది.

ఇంకో సంగతి. గుండూ, ఖాళీ గొట్టమూ రెండూ సాక్షులే, కానీ వాళ్లు చెప్పే సాక్ష్యం వేరు. రైఫిల్, పిస్టల్ గొట్టాల లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ వస్తుంది, ఆ గీతలు దాని ఒంటి మీద పడతాయి. ఏ తుపాకి గొట్టంలోంచి వచ్చిందో గుండు చెబుతుంది. ఏ సూది పొడిచిందో ఖాళీ గొట్టం చెబుతుంది, దాని అడుగున ఆ గుర్తు ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో రెంటినీ విడివిడిగా మాట్లాడిస్తారు. మనం ఇద్దరు సాక్షులకీ ఒకే పేరు పెట్టి పిలుస్తున్నాం.

రివాల్వర్, పిస్టల్ అన్న మాటలూ అంతే, ఒకదాని బదులు ఒకటి పడిపోతుంటాయి. రివాల్వర్‌కి మధ్యలో తిరిగే చక్రం ఉంటుంది. కాల్చిన తర్వాత ఖాళీ గొట్టాలు ఆ చక్రంలోనే ఉండిపోతాయి. పిస్టల్ అలా కాదు, కాల్చిన ప్రతిసారీ ఖాళీ గొట్టాన్ని పక్కకి ఉమ్మేస్తుంది. ఇప్పుడు ఈ వాక్యం వినండి. "రివాల్వర్‌తో రెండుసార్లు కాల్చి పారిపోయాడు. నేల మీద రెండు ఖాళీ తూటాలు దొరికాయి." పారిపోయేవాడు ఆగి, చక్రం విప్పి, నేల మీద దులిపి పోయాడా? తుపాకి పేరైనా తప్పు కావాలి, కథలో ఇంకేదో మెలికైనా ఉండాలి. అడగాల్సిన ప్రశ్న అది. మాట సరిగ్గా ఉంటేనే ఆ ప్రశ్న పుడుతుంది.

వేట తుపాకి సంగతి ఇంకా చిత్రం. దాని తూటాలో పెద్ద గుండు ఒకటి ఉండదు. చిన్న చిన్న సీసపు గుళ్లు, గుప్పెడు. ఒక్కసారి నొక్కితే అన్నీ చెదిరి తగులుతాయి. గాయపడినవాణ్ణి ఆసుపత్రికి తెస్తే డాక్టరు ఒంట్లోంచి పాతిక గుళ్లు తీస్తాడు. మర్నాడు పత్రికలో, "శరీరంలో పాతిక బుల్లెట్లు." చదివినవాడి కళ్ల ముందు ఏం కనపడుతుంది? ఒక మనిషి నిలబడి పాతిక సార్లు గురి చూసి కాల్చినట్టు. జరిగింది ఒక్క పేలుడు. అడవిపంది అనుకుని పొరపాటున కాల్చినదీ కావచ్చు, పగతో కాల్చినదీ కావచ్చు. ఒక్కసారి కాల్చడానికీ, పాతికసార్లు కాల్చడానికీ మధ్య నేరం బరువు ఎంత మారుతుందో మీరే చెప్పండి. గుళ్లు అనే మాట మనకుంది. వేరుశనగ గుళ్లు అంటాం, తుపాకి గుళ్లు అనీ అంటాం. ఉన్న మాట వదిలేసి బుల్లెట్టు ఎందుకు పట్టుకుంటామో!

రౌండు అన్న మాట దగ్గర నేను చాలాకాలం బోల్తా పడ్డాను. పోలీసు భాషలో ఒక రౌండు అంటే ఒక్క తూటా, అంతే. మన చెవికి రౌండు అంటే ఓట్ల లెక్కింపు. మొదటి రౌండు, రెండో రౌండు. "మూడు రౌండ్ల కాల్పులు" అంటే మూడు దఫాలుగా, ఒక్కో దఫాకి బోలెడన్ని అనుకుంటాం. కాల్చింది మూడుసార్లు. "మూడుసార్లు కాల్చారు" అంటే పోయేదానికి ఇంత తిప్పలెందుకు?

నాటు తుపాకి కూడా ఒక్క తుపాకి కాదు. నాటు అంటే మనకి ముద్దు. నాటుకోడి, నాటు పడవ, ఆస్కారు తెచ్చిన పాట. ఏజెన్సీలో మూతి లోంచి మందు కూరి, గుళ్లు దిగకొట్టే పొడవాటి తుపాకిని నాటు తుపాకి అంటారు. ఉత్తరాది నుంచి దొంగచాటుగా వచ్చే, జేబులో పట్టే తపంచానీ నాటు తుపాకే అంటున్నారు. మొదటిది పంట కాపలాకో, వేటకో తరతరాలుగా ఇంట్లో ఉన్నది. రెండోది మనిషి కోసమే తయారైంది. లైసెన్సు లేకపోతే రెండూ చట్టం కళ్లకి నేరమే అయినా, వాటి వెనక కథ ఒకటి కాదు.

మా రొయ్యల చెరువుల దగ్గర కొంగల్ని తోలడానికి తెచ్చుకునే ఎయిర్‌గన్ మరీ చిన్నది. శక్తి తక్కువ, బోరు సన్నం అయితే దానికి లైసెన్సే అక్కర్లేదు. కొంగని కాల్చడం మాత్రం వన్యప్రాణి చట్టం కింద నేరం, అది వేరే కథ. అలాంటి ఎయిర్‌గన్ పట్టుకుని ఎవడో తాగి రోడ్డు మీదకొస్తే టీవీలో "తుపాకితో హల్‌చల్" అని రోజంతా తిప్పుతారు. సాయంత్రానికి అది బొమ్మ తుపాకి అనో, సిగరెట్ లైటరనో తేలుతుంది. ఆ సంగతి తిప్పరు. మా ఊళ్లల్లోకి పిట్టలదొర వచ్చేవాడు. ఖాకీ కోటు, టోపీ, భుజాన కొయ్య తుపాకి, నోటినిండా కోతలు. అతను కోస్తున్నాడని పిల్లలకి కూడా తెలుసు. అదే అతని నిజాయితీ.

ఇక ఒక్క మాట గురించి చెప్పి ముగిస్తాను. "కాల్పులు." వాన కురిసింది, ఎండ కాసింది అన్నట్టు, కాల్పులు జరిగాయి అంటాం. ఎవరు కాల్చారు? వాక్యంలో ఆ మనిషి ఉండడు.

తెనాలి వెళ్తే రణరంగ చౌక్ చూడండి. క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగో రోజు, 1942 ఆగస్టు 12న, తెనాలిలో జనం రైల్వే స్టేషను మీదకి కదిలారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. ఆ చౌక్ వాళ్ల జ్ఞాపకం. అక్కడ ఎవరూ "కాల్పులు జరిగాయి" అని సగంలో ఆపరు. ఎవరు కాల్చారో, ఎవరు పడిపోయారో ఆ ఊరికి తెలుసు.

"ఎదురుకాల్పులు" అనేది ఇంకా గడుసు మాట. రెండువైపులా తుపాకులు పేలాయని ఆ మాట ముందే తీర్పు చెప్పేస్తుంది. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసుల చేతిలో చనిపోయారు. పొద్దున కల్లా ఎదురుకాల్పులు అని తెలుగునాట మోగిపోయింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్చారన్న కథ నమ్మేలా లేదని, వాళ్లని చంపే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ అభిప్రాయపడింది. ఆ నలుగురి మీద నాకు జాలి పుట్టిందని కాదు ఈ మాట చెప్పడం. "ఎదురుకాల్పులని పోలీసులు చెబుతున్నారు" అని రాస్తే నిజానికి చోటుండేది. రెండు మాటలు ఎక్కువ, అంతేగా.

నా తప్పు చెప్పకుండా వెళ్తే బాగుండదు. డెస్కులో కొత్తగా చేరిన రోజులు. ఒక తుపాకి పట్టుబడిన వార్త వచ్చింది. పాయింట్ 32 అని ఉంది. అంటే గొట్టం వెడల్పు అంగుళంలో మూడో వంతు కూడా ఉండదని. నాకు ఆ చుక్క కంటికి ఆనలేదు. పైగా తుపాకులకి ఎంఎం అని రాస్తారని ఎక్కడో చదివి, "32 ఎంఎం పిస్టల్" అని దిద్దాను. హెడ్డింగులో కూడా పెట్టాను.

మర్నాడు పదింటికి ఫోను. రేపల్లె వైపు పల్లె నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు. పెద్దాయన గొంతు.

"ఏంది బాబూ ఇది? ముప్పై రెండు ఎంఎం అంటే ఎంతో తెలుసా? దాంట్లో రాచ ఉసిరికాయ దూరుద్ది. జేబులో పెట్టుకున్నాడని కూడా రాశారు. వాడి జేబు ఎంత ఉందో అది రాయలేదే?"

క్షమించండి, సవరణ వేస్తాం అన్నాను. వేశాం. లోపలి పేజీ అడుగున, రెండు లైన్లు. ఆయన మళ్లీ ఫోను చేశాడు.

"చూశాను బాబూ. తుపాకి సరిపోయింది. ఊరి పేరు తప్పు రాశారు."